ప్రాఁత రేడియో పందెపు బండి: జీర్ణోద్ధరణ విధానము

రేడియో యనఁగానే దూరమునుండి వచ్చు మాటయుఁ బాటయు మనకు జ్ఞప్తికి వచ్చును. కాని యాకాశమున వ్యాపించు విద్యుత్తరంగములు మాటను మాత్రమే మోయునవి కావు, ఆజ్ఞనుగూడ మోయఁగలవు. ఒకచోట నిలిచి చేతిపెట్టెలోని మీటను గదపినచో దూరముననున్న బండి ముందునకుఁ బరువెత్తును. మఱియొక మీటను గదపినచో నెడమకుఁగాని కుడికిఁగాని తిరుగును. నడుమ త్రాడు లేదు, తీఁగ లేదు. ఇట్టి బండ్లను బాలురు ఆటలకును, పెద్దలు పందెములకును వాడుచుందురు. వీనిలో నిసుకనేలలయందును మిట్టపల్లములయందును బరువెత్తుటకై చేయఁబడిన జాతికి బగ్గీ యని పేరు. అసలు బండిలోఁ బదవవంతు కొలతతోఁ జేసిన యీ బగ్గీ పొడవు మూరెఁడు మించదు.

1980 మొదలు 1990 వఱకుఁ గల దశాబ్దమున నీ బగ్గీలు జపాను, అమెరికా, ఐరోపా దేశములలో మిక్కిలి ప్రచారమునకు వచ్చినవి. ఆనాఁడు వానితో నాడుకొనిన బాలురు నేఁడు నడివయస్సు దాఁటినవారు. అటుకపైనుండియో, ప్రాఁతపెట్టెలనుండియో యా బండిని దించి, దుమ్ము తుడిచి, మరల నడపఁగోరువారు నేఁడు లోకమునఁ బెక్కండ్రు కలరు. ఆ కాలమున విదేశములందుఁ గాపురముండి వచ్చిన మనవారి యిండ్లలోను నిట్టి బండి యొకటి దాఁగియుండవచ్చును. దానినిఁ జూచినప్పుడు మూఁడు ప్రశ్నలు పుట్టును. దీనిని బాగుచేయుట యెట్లు? పోయిన భాగము లెచ్చట దొరకును? అన్నియు మార్చిన పిమ్మట నిది యా బండియే యగునా? ఈ మూఁటికి సమాధానము చెప్పుటయే నేఁటి ప్రసంగవిషయము.

ముందుగా నీ బండ్ల పుట్టుకనుగూర్చి రెండు మాటలు. విద్యుత్తరంగములచే దూరమునుండి పనిచేయించుట ప్రాఁత విద్యయే. పందొమ్మిదవ శతాబ్ది చివరి దశాబ్దమున జగదీశచంద్ర వసువుగారు కలకత్తాలో గోడల కవ్వలనున్న గంటను మ్రోగించి, తుపాకిమందును వెలిగించి చూపిరి. 1898 సంవత్సరమున నికోలా టెస్లా న్యూయార్కు నగరమున మాడిసన్ స్క్వేర్ గార్డెనులో నీటితొట్టిలోని చిన్న పడవను దూరమునుండి నడపి, చూచువారిని విస్మితులఁ జేసెను. ఆ విద్య బాలుర చేతికి వచ్చుటకుఁ బెక్కేండ్లు పట్టినది.

జపాను దేశమందలి షిజువోకా పట్టణమునఁ గల తమియా సంస్థ 1946లోఁ గలప వ్యాపారముగా నారంభమై, పిమ్మటఁ గొయ్య నమూనాలకును, తరువాత ప్లాస్టిక్కు నమూనాలకును దిగినది. 1976లో పోర్షె 934 అను కారు నమూనాను రేడియోతో నడచునట్లు చేసి విక్రయించినది. 1979లో శాండ్ స్కార్చర్, రఫ్ రైడర్ అను బగ్గీలును, 1984లో గ్రాస్‌హాపర్, హార్నెట్ అను బగ్గీలును వెలువడినవి. గ్రాస్‌హాపరనఁగా మిడుత, హార్నెట్టనఁగాఁ గందిరీఁగ. ఈ రెండును నేర్చుకొనువారికై చేసిన సులభమైన బండ్లు. ఆ 1984లోనే యమెరికాలో అసోసియేటెడ్ సంస్థవారు రోజర్ కర్టిస్ రూపకల్పన చేసిన ఆర్‌సీ10 అను బగ్గీని వెలువరించిరి. దాని యడుగుతొట్టి బంగారువన్నె పూఁత గల యల్యూమినియము. 1985లోఁ గాలిఫోర్నియాలోని డెల్ మార్‌లో జరిగిన ప్రపంచపు పోటీలో, రెండు చక్రములకు మాత్రమే బలమందు బండ్ల తరగతియందు, జే హాల్సీ యను నతఁడు దానితోనే గెలిచెను. హార్నెట్టు నేర్పరిని దయారుచేయు బండి. ఆర్‌సీ10 నేర్పరుల పందెపు బండి. ఈ రెంటిని దృష్టాంతములుగాఁ గొని చెప్పెదను.

ఇక్కడ నొక ముఖ్యవిషయము గుర్తింపవలయును. ఇవి మూసి యంటించిన బొమ్మలు కావు. పెట్టెలో భాగములు విడివిడిగా వచ్చును. కొన్నవాఁడే కూర్పుపుస్తకమును జదివి, మరమేకులు బిగించి, బండిని నిర్మించుకొనవలయును. కావున మరలతోఁ గూర్పఁబడినది మరలతోనే విప్పఁబడును. ప్రతిభాగమునకును నొక సంఖ్య యుండును. జీర్ణోద్ధరణము సాధ్యమగుట కిదియే మూలకారణము.

ఇఁక బండి పనిచేయు తీరు. చేతిలోనిది ప్రసారయంత్రము, బండిలోనిది గ్రాహకయంత్రము. మీటను గదపినప్పుడు ప్రసారయంత్రము చిన్న చిన్న విద్యుత్స్పందములను బంపును. ఒక్కొక్క స్పందము నిడివి సెకనులో వేయవ వంతు మొదలు రెండు వేయవ వంతుల వఱకు నుండును. ఒకటిన్నర వేయవ వంతైనచో మీట నడుమనున్నదని యర్థము. గ్రాహకము దానిని గ్రహించి సర్వో యను చిన్నపెట్టెకుఁ దెలుపును. సర్వోలో నొక చిన్న మోటారు, కొన్ని పండ్లచక్రములు, తన చేయి యెంత తిరిగినదో తనకుఁ దెలుపు నిరోధక మొకటి యుండును. ఆజ్ఞ యెంతయో తిరుగుడంత యగువఱకుఁ దిరిగి యది యాఁగును. ఒక సర్వో ముందుచక్రములను ద్రిప్పును. రెండవది వేగమును హెచ్చించి తగ్గించును.

ఆ వేగము మార్చు నేర్పాటు హార్నెట్టువంటి బండ్లలో మిక్కిలి సులభమైనది. సర్వో త్రిప్పు చేయి రాగి రేకులమీఁద జరుగుచు, ఒక రేకునుండి మఱియొక రేకునకు మాఱును. కొన్ని రేకులకుఁ బింగాణి నిరోధకము తగిలింపఁబడియుండును. నిరోధకము గుండఁ బ్రవహించు విద్యుత్తులోఁ గొంత వేఁడిగా వ్యయమగుటచే మోటారు మెల్లగాఁ దిరుగును. నిరోధకమును దాఁటి నేరుగాఁ బోయినప్పుడు పూర్ణవేగము వచ్చును. అందువలన నడపిన వెంటనే యా నిరోధకమును ముట్టిన వ్రేలు కాలును. బండిని బట్టువారు దీని నెఱిఁగియుండవలయును.

బ్యాటరీ 7.2 వోల్టులది, 1.2 వోల్టుల గుళికలు ఆఱు వరుసగాఁ గూర్చినది. మోటారు ఇరుసుచివర నొక చిన్న లోహపు పండ్లచక్రముండును. అది పెట్టెలోని పెద్ద చక్రములను ద్రిప్పి, వెనుకచక్రములకు బలము నందించును. మన యెడ్లబండి చక్రము ఇరుసుమీఁద స్వేచ్ఛగాఁ దిరుగును గనుక మలుపులో లోపలి చక్ర మొక తీరునను, వెలుపలి చక్ర మొక తీరునను దిరిగినను బాధ లేదు. ఇందు ఇరుసే చక్రమును ద్రిప్పును. కావున రెండు చక్రములును వేర్వేఱు వేగములతోఁ దిరుగుటకు వీలుగా నడుమ వాలు పండ్లచక్రముల కూర్పొకటి పెట్టుదురు.

ఇంతవఱకు స్వస్థశరీరమును జెప్పితిని. ఇఁక రోగనిదానము. నిదానము లేక చికిత్స కూడదని వైద్యశాస్త్రము. ప్రాఁతబండి చేతికి వచ్చినతోడనే బ్యాటరీ తగిలించి చూడరాదు. ముందు బ్యాటరీలు పెట్టు గదులను దెఱచి చూడవలయును. గుళికలు కాఱి, తెల్లని పొడి పట్టియుండుట తఱచు. ఆ పొడి క్షారమువలనఁ గలిగినది. కంటికిని చర్మమునకును హానిచేయును. చేతులకుఁ దొడుగులు వేసికొని, పలుచని వినిగరులోఁ దడిపిన దూదితోఁ దుడిచి, పిమ్మట నీటిదూదితోఁ దుడిచి, చక్కఁగా నాఱనీయవలయును. క్షారమున కామ్లము విఱుగుడు. తుప్పు తీఁగల లోపలికిఁ బ్రాఁకియున్నచో నా తీఁగను మార్చుటయే మార్గము.

ఆ కాలపు బ్యాటరీలలో నికెలు, కాడ్మియము అను లోహము లుండును. కాడ్మియము విషము. అట్టి గుళికలను జెత్తకుప్పలో వేయరాదు, కాల్చరాదు, పగులగొట్టరాదు. విద్యుద్వ్యర్థములను సేకరించువారికే యప్పగింపవలయును. వానికి బదులుగా నికెలు-మెటల్-హైడ్రైడు బ్యాటరీలు నేఁడు దొరకును. అవియు 1.2 వోల్టుల గుళికలే యగుటచే ప్రాఁతబండికి సరిపోవును. లిథియము బ్యాటరీలు తేలికయైనవి, బలమైనవి. కాని వానిలో రెండు గుళికలు నిండుగా నున్నప్పుడు 8.4 వోల్టులు వచ్చును. ఒక్కొక్క గుళిక 3 వోల్టులకంటెఁ దగ్గినచోఁ జెడును. చెడినదానిని మరల నింపఁబోయినచో నంటుకొను ప్రమాదము కలదు. రాగిరేకుల వేగనియామకము గుళిక తగ్గుచున్నదని తెలిసికొని యాఁపఁజాలదు. అందుచేత నారంభకులు ప్రాఁత నియామకముతో లిథియమును గలుపరాదు. పాతనియామకమును దీసి యెలక్ట్రానిక్ నియామకమును బెట్టినవారు మాత్రము దాని సూచనల ననుసరించి వాడవచ్చును.

తరువాత మోటారు. 540 అను పరిమాణపు మోటారు హార్నెట్టులోను, 380 అను చిన్న పరిమాణపు మోటారు గ్రాస్‌హాపరులోను వచ్చెడివి. మోటారును బండినుండి విడఁదీసి, రెండు టార్చిలైటు గుళికల బలమిచ్చి చూచినచోఁ దిరుగునో తిరుగదో తెలియును. మోటారువెనుక నంటించిన మూఁడు చిన్న కెపాసిటర్లను బరీక్షింపుఁడు. మన యింట మిక్సీ తిరుగునపుడు రేడియోలో గరగరధ్వని వచ్చుట మీరు వినియుందురు. మోటారులోని నిప్పురవ్వలే దానికిఁ గారణము. బగ్గీలోను నంతియే. ఆ కెపాసిటర్లు రవ్వలధ్వనిని మ్రింగును. వాని తీఁగ తెగినచో గ్రాహకము భ్రమించి, చక్రములు గడగడ వణఁకును. ఈ లోపము నెఱుఁగక రేడియోయే చెడిపోయినదని పారవైచువారు కలరు.

ఆనాఁటి రేడియో 27 మెగాహెర్ట్జుల పట్టీలోఁ బనిచేసెడిది. ప్రసారమునకును గ్రాహకమునకును జతయైన స్ఫటికములు వేయవలసియుండెను. ఒకే జతగల రెండు బండ్లు పందెమునకు దిగినచో నొకరి యాజ్ఞ నింకొకరి బండి వినెడిది. అందుచే స్ఫటికములకు రంగుల గుఱుతులుంచి, పందెగాండ్రు పంచుకొనువారు. నేఁటి 2.4 గిగాహెర్ట్జుల రేడియోలకు స్ఫటికముల బెడద లేదు. నడపఁగోరువారు క్రొత్త రేడియోను బెట్టి, ప్రాఁతదానిని బండితోఁగూడ భద్రపఱచుట మేలు.

ఇఁక విప్పుట. విప్పుటకుముందు నలువైపులనుండి ఛాయాచిత్రములు తీయవలయును. విప్పిన యొక్కొక్క భాగపు మరలను వేర్వేఱు పొట్లములలో వేసి పేరు వ్రాయవలయును. ఇరుసులమీఁదఁ గ్రుచ్చిన చిన్న యుక్కుబిళ్లలు విప్పునప్పు డెగిరి పోవును. అంచులుగల పళ్లెములో గుడ్డ పఱచి యా పని చేయుఁడు. జపానువారి మరమేకులకుఁ దలమీఁద నడ్డగీఁతలున్నను, అవి మన యంగళ్లలో దొరకు ఫిలిప్సు మరలవంటివి కావు. ఫిలిప్సు కొనతో విప్పఁబోయినచో జాఱి, గాడి చెడును. జపాను ప్రమాణపు కొనగల తిరుగులి ప్రత్యేకముగా దొరకును. దానికిఁ జేయు వ్యయము వ్యర్థము కాదు.

శుద్ధిచేయుటలో నేది దేనితోఁ జేయఁబడినదో యెఱుఁగుట ముఖ్యము. హార్నెట్టు యడుగుతొట్టి ఏబీఎస్ అను ప్లాస్టిక్కు. పైకప్పు పారదర్శకమైన పాలికార్బొనేటు. గోళ్లరంగును దుడుచు నసిటోను వీనిని గరఁగించును. గోరువెచ్చని నీరును, సబ్బును, మెత్తని కుంచెయుఁ జాలును. తెల్లని ప్లాస్టిక్కు సూర్యకాంతిచేఁ బచ్చబడును. రబ్బరు టైర్లు గాలిలోని ఓజోనుచే నెఱ్ఱెలు వాఱును. ఆ నెఱ్ఱె కే మందును లేదు. నైలానుతోఁ జేసిన భాగములు తేమ యింకిపోయి పెళుసైనప్పుడు వేఁడినీటిలోఁ గొంతసేపుంచినచో మరల సాగుదనము పొందును. ఆర్‌సీ10 యొక్క బంగారువన్నె తొట్టిని గాఢమైన క్షారముగల పొయ్యిశుద్ధిమందులతోఁ గడుగరాదు. క్షార మా పూఁతను దినివేయును. దానిని మెఱుఁగుపెట్టి రుద్దినను పూఁత పోవును. పోయినపూఁతను రంగువేసి తేఁజాలము. లోహపుఁ బూఁతపని చేయువారిచేతఁ దిరిగి చేయింపవలసినదే. అపరిశుద్ధమైన ప్రాఁతవస్తువుకంటె నతిశుద్ధిచేఁ జెడిన వస్తువే శోచనీయము.

ఇప్పుడు రెండవ ప్రశ్న: భాగముల యన్వేషణము. వెదకుటకుముందు పేరు తెలియవలయును. కూర్పుపుస్తకము పోయినచో నంతర్జాలమున దాని ప్రతి దొరకును. అందు భాగముల చట్టములకు ఏ, బీ, సీ యని యక్షరములును, భాగములకు సంఖ్యలును గలవు. మరలను వాని యసలు పరిమాణమునఁ జిత్రించియుందురు. చేతిలోని మరను బొమ్మపై నుంచి చూచుకొనవచ్చును. 'ముందుచక్రము దగ్గఱి వంకరముక్క' యని యడిగినచో నెవ్వరు నీయలేరు. చట్టమును సంఖ్యయుఁ జెప్పినచోఁ జెప్పినంతనే దొరకును. ఒక్క ముక్క విఱిగినను చట్టమంతయుఁ గొనవలసివచ్చుట తఱచు. మిగిలిన ముక్కలను దాఁచుకొనుఁడు. ఏనాఁటికైన నక్కఱకు వచ్చును.

రెండవది, బండి వంశము నెఱుఁగుట. హార్నెట్టును గ్రాస్‌హాపరును దోఁబుట్టువులవంటివి. అడుగుతొట్టి, పండ్లచక్రముల పెట్టె మున్నగునవి రెంటికి నుమ్మడివి. వెనుకభాగమునఁ గుదుపును మ్రింగునది మాత్రము వేఱు: హార్నెట్టుకు నూనెగొట్టములు, గ్రాస్‌హాపరుకు వట్టి స్ప్రింగులు. కావున నొకదాని భాగము దొరకనప్పుడు తోఁబుట్టువు పేరున వెదకవలయును.

మూఁడవది, పునర్నిర్మాణమును గుర్తించుట. తమియా సంస్థ హార్నెట్టును 2004లోను, గ్రాస్‌హాపరును 2005లోను మరల వెలువరించినది. క్యోషో సంస్థ 1985 నాఁటి తన ఆప్టిమాను 2016లోను, అసోసియేటెడ్ సంస్థ ఆర్‌సీ10ను 2013లోను మరల విడుదల చేసినవి. ఇది జీర్ణోద్ధారకులకు మహోపకారము. ఒకప్పుడు బంగారముతోఁ దూఁచిన భాగములు మరల నంగడి వెలకు వచ్చినవి. కాని క్రొత్త కూర్పులన్నియుఁ బ్రాఁతవానికి నూటికి నూఱుపాళ్లు సరికావు. లోపములు సవరించుటకుఁ గొన్ని భాగములు బలపఱుపఁబడినవి. వ్యాపారచిహ్నముల హక్కులచేఁ గొన్ని యంటింపుకాగితములు మార్పఁబడినవి. మొదటి హార్నెట్టు పెట్టెసంఖ్య 58045. పునర్నిర్మితమైనదాని సంఖ్య 58336. అమ్మువాఁడు ప్రాఁతదని చెప్పినచో నీ సంఖ్యను జూడుఁడు. క్రొత్తదానిని బ్రాఁతదిగాఁ జూపి హెచ్చువెలకు విక్రయించు మోసమున కిదియే విఱుగుడు.

నాల్గవది, దాతబండి. అసంపూర్ణమైన రెండవ బండిని గొని, దాని భాగములతో మొదటిదానిని బూరించుట. ఇది చౌకమార్గమే, కాని దుర్లభమైన మంచిబండిని విప్పి సులభమైనదానిని బూరించుట యవివేకము. ఏది బ్రతుకఁదగినదో ముందే నిశ్చయింపవలయును. అయిదవది, చేయించుకొనుట. ఇనుపకమ్మీలు, సీలలు, గొట్టపుతొడుగులు లేతుపనివాఁడు గంటలోఁ జేయును. ప్లాస్టిక్కు ముక్కలను బొరపొరగాఁ బోసి కట్టు త్రీడీ ముద్రణయంత్రములు నేఁడు పట్టణములందుఁ గలవు. కాని పొరలమధ్య బలము తక్కువ. దెబ్బ తగులు చోట వానిని నమ్మరాదు. విదేశమునుండి తెప్పించుకొనువారు వస్తువు వెలకుఁ దపాలా వ్యయమును సుంకమును జేర్చి లెక్కించుకొనవలయును. అర్ధరూపాయి మరకు నాలుగు రూపాయల పల్లకి కాకూడదు. పెక్కు చిన్నవస్తువులను జాబితా వ్రాసికొని యొక్కసారి తెప్పించుట మేలు.

కొలతల సంగతి యిక్కడనే చెప్పవలయును. జపాను బండ్ల మరలు మిల్లీమీటరు కొలతవి; మొదటి ఆర్‌సీ10 మరలు అంగుళపు కొలతవి. మూఁడు మిల్లీమీటర్ల మరయు, 4-40 అను నంగుళపు మరయుఁ గంటికి దాదాపొక్కటే. ఒకదాని రంధ్రమున నింకొకదానిని బలవంతముగా బిగించినచో గాడి చితికి, భాగము నిరుపయోగమగును. తమియా బండ్లలో విరివిగా వాడు గుండ్రని బేరింగు కొలత లోపల 5, వెలుపల 11, మందము 4 మిల్లీమీటర్లు. ఈ కొలత చెప్పినచో బేరింగులమ్ము నంగడిలోఁ గూడ దొరకవచ్చును. బొమ్మల యంగడికే పోనక్కఱలేదు.

కూర్చునప్పు డొక కిటుకు. ప్లాస్టిక్కులోనికి మరను మరల నెక్కించునపుడు మొదట దానిని వెనుకకుఁ ద్రిప్పుఁడు. టక్కుమని చిన్నధ్వనితోఁ బ్రాఁతగాడిలోనికి దిగును. అప్పుడు ముందునకుఁ ద్రిప్పి, తగినంత మాత్రమే బిగింపుఁడు. అట్లు చేయనిచోఁ బ్రతిసారియుఁ గ్రొత్తగాడి పడి, రంధ్రము వదులై, మర నిలువదు. పండ్లచక్రములకుఁ గందెన పలుచగాఁ బూయుఁడు. ఎక్కువైనచో నిసుకను బట్టి చక్రములను దినును. నూనెగొట్టములు కాఱుచున్నచో లోపలి రబ్బరు కంకణములను మార్చి, సిలికోను నూనె పోయుఁడు. మొదటి పరీక్షలోఁ జక్రములు నేలకుఁ దగులకుండ బండిని దిమ్మెమీఁద నిలిపి, ముందుగాఁ బ్రసారయంత్రమును, పిమ్మట బండిని వెలిగింపుఁడు. ఆపునపుడు ముందుగా బండిని, పిమ్మటఁ బ్రసారయంత్రమును. ఈ క్రమము తప్పినచో నాజ్ఞలేని బండి తనకుఁ దోఁచినట్లు పరువెత్తవచ్చును.

ఇఁక మూఁడవ ప్రశ్న, కష్టమైనది. అన్నియు మార్చిన పిమ్మట నిది యా బండియేనా? మిళిందప్రశ్నలను బౌద్ధగ్రంథమున నాగసేనభిక్షువు రాజును రథమునుగూర్చి యిట్టి ప్రశ్నలే యడిగెను. ఇరుసు రథమా, చక్రములు రథమా, నొగ రథమా యని యొక్కొక్కటిగా నడుగఁగా రాజు కాదనెను. విడివిడిభాగములలో రథము లేదు; వాని కూర్పునకే రథమను వ్యవహారము. పూరీక్షేత్రమున జగన్నాథస్వామి రథములు ప్రతివత్సరము క్రొత్తకొయ్యతోఁ జేయఁబడును. ఐనను కొలతయుఁ గూర్పును నవియే యగుటచే నందఱు నవే రథము లందురు. శిథిలాలయమున మాత్రము పడినశిలనే యెత్తి నిలుపఁజూతుము. శిల్పి యులి గుఱుతులున్న ఱాతిని బారవేయము. కావున రెండు ధర్మములు కలవు. కొలత ముఖ్యమైనచోట ద్రవ్యమును మార్పవచ్చును. చేతిగుఱుతు ముఖ్యమైనచోట ద్రవ్యమునే రక్షింపవలయును.

ఇది యెట్లు వర్తించునో యొక దృష్టాంతము. నా పూర్వశిష్యుఁ డొకఁడు తన యన్న బాల్యమున నాడుకొనిన హార్నెట్టును బాగుచేయఁ బూనెను. అన్న గతించి కొన్నియేండ్లైనది. అతఁడు మరలు విప్పుచుండ, నేను గన్నద్దములు పెట్టుకొని కూర్పుపుస్తకపు బొమ్మలను జూచి సంఖ్యలు చెప్పుచుంటిని. టైర్లు, బేరింగులు, తీఁగలు, ముందు రక్షకపట్టీ అన్నియు మార్చుటకు వాని కే సందేహమును గలుగలేదు. పైకప్పు దగ్గఱ మాత్రము చేయి యాఁగెను. ఆ పాలికార్బొనేటు కప్పునకు రంగు లోపలివైపు వేయుదురు. ఆ బాలుఁడు నల్లరంగు వేయుటకుముందు తన పేరును లోపలనుండి తెల్లరంగుతో వ్రాసికొనెను. లోపలనుండి వ్రాసినందున బయటికి నక్షరము లద్దములోవలెఁ దిరుగఁబడి కనఁబడుచున్నవి. పైని గీఁతలు పడినను, రంగు లోపల నుండుటచే నా వ్రాఁత చెక్కుచెదరలేదు. కాని కప్పు రెండుచోట్లఁ బగిలినది. క్రొత్తకప్పు స్వల్పమూల్యమునకే దొరకును. దానిని బెట్టినచో బండి యందగించును. అన్న చేతివ్రాఁత పోవును. బెట్టనిచో నొక్క దెబ్బకుఁ గప్పు చీలును.

అతఁడు చేసిన నిర్ణయము నాకు సమ్మతమైనది. నెఱ్ఱె పొడవు పెరుగకుండఁ దాని కొనయందు సన్నని రంధ్రము తొలిచి, లోపల వలగుడ్డ యంటించి, ప్రాఁతకప్పు నున్నది యున్నట్లు నిలిపెను. నడపుటకై క్రొత్తకప్పును దెప్పించి, తన కొమారునిచేత రంగు వేయించెను. ఆ బాలుఁడు నక్షరములను దిరుగవేసి వ్రాయుటచే వాని పేరు బయటికి సరిగాఁ గనఁబడుచున్నది. బండి క్రొత్తకప్పుతోఁ బరువెత్తును. ప్రాఁతకప్పు గూటిలో నుండును. కూర్పు నిలిచినది, గుఱుతును నిలిచినది.

అందఱికి నిట్టి సందర్భము రాకపోవచ్చును. కాని ప్రతి జీర్ణోద్ధారకుఁడును పని మొదలిడుటకుముందే నిర్ణయింపవలసిన దిదియే: బండిని నడపుటకా, చూపుటకా, జ్ఞాపకముగా నుంచుటకా? నడపుటకైనచో బలమైన క్రొత్తభాగములు వేయుఁడు. చూపుటకైనచో నానాఁటి భాగములను వెదకుఁడు. వెల హెచ్చైనను నోర్చుకొనుఁడు. జ్ఞాపకమునకైనచోఁ దక్కువలోఁ దక్కువ మార్పుఁడు. ఈ నిశ్చయము లేక పనికి దిగువాఁడు సగము నడుపుబండి, సగము ప్రదర్శనబండి చేసి, ధనమును గాలమును గోలుపోవును.

తుదకు నొక్క మాట. చేసిన మార్పులన్నింటిని నొక చిన్నపుస్తకమున వ్రాసి యుంచుఁడు: ఏ భాగము తీసితిమి, ఏది వేసితిమి, ఎచ్చటినుండి తెచ్చితిమి, ఏ యేఁట. తీసిన భాగములను విఱిగినవైనను నొక సంచిలోఁ గట్టి బండితోడనే యుంచుఁడు. విఱిగిన ముక్కయే రేపు క్రొత్తముక్క చేయువానికిఁ గొలతబద్ద యగును. బండిని విక్రయించినచో నా పుస్తకమును గొన్నవాని చేతికే యీయుఁడు. ప్రాఁతయేదో క్రొత్తయేదో దాఁపకుండఁ జెప్పుట విక్రేత ధర్మము. వారసులకుఁ జెందినచో వారికి మరల విప్పుటకు నదియే దారిచూపును. మనకు ముందు మరను బిగించిన చేయి యొకటి కలదు. మన తరువాత విప్పఁబోవు చేయి యొకటి కలదు. ఆ రెంటిని దలఁచుకొని తిరుగులి పట్టినవాని చేతిలో వస్తువు చెడదు.